లండన్‌లో ఇంటిల్లిపాది కూసొని తినే జాగాలు

మన సోలాపూర్ తెలుగు పేటల నుంచి ఇప్పుడు చానామంది పిల్లలు సముద్రం దాటి కొలువులు చేస్తున్నరు. నర్సులున్నరు, కంప్యూటర్ పనోళ్లున్నరు, గోదాముల్లో సామాను ఎత్తేటోళ్లున్నరు. జర కుదురుకున్నంక టికెట్లు పంపి అమ్మనాయనలను పిలిపించుకుంటున్నరు. పోయేటోళ్లకు విమానం భయం కన్నా, చలి భయం కన్నా తిండి భయమే ఎక్కువ. ఊరు చూడ బయటికి పోతే ఎక్కడ తింటం, ఏం తింటం, ఎన్ని పైసలయితయి అని. నేను లండన్ పోయొచ్చిన సంగతి తెలిసి అశోక్ చౌక్ కాడ కలిసినోళ్లంతా ఇదే అడుగుతున్నరు. ఒక్కొక్కరికి చెప్పుడు కన్నా మన పత్రికలో రాస్తే నలుగురికి పనికొస్తదని రాస్తున్న.

2025 ఎండాకాలంలో నేను, మా ఇంటామె ఆరు వారాలు లండన్‌లో మా బిడ్డ ఇంట్లో ఉన్నం. బిడ్డ ఆసుపత్రిలో నర్సు. అల్లుడు బస్సుల డిపోలో మెకానిక్కు. మనుమరాలికి ఎనిమిదేండ్లు, మనుమనికి మూడేండ్లు. ఇంట్లో ఉన్న రోజు అన్నం, పప్పు, జొన్నరొట్టె అన్నీ ఉంటయి. తిరగబోయిన రోజే కష్టం. ఆరుగురం. అందులో ఒక ముసలామె మాంసం ముట్టదు, ఒక పిల్లగాడు కుర్చీలో నిలవడు. నాకు ముందటి పండ్లు తప్ప గట్టివి లేవు. ఇటువంటి మంది పోయి నిమ్మళంగా కూసొని తినాలంటే ఎట్లాంటి హోటలు కావాలె? అదే ఈ రాతలో సంగతి.

ముందుగాల పైసల లెక్క చెప్త. అప్పుడు ఒక పౌండు అంటే మనకు సుమారు 115 రూపాయలు. చాయ్ రెండు పౌండ్లు అంటే 230 రూపాయలు. ఈ లెక్క మనసులో పెట్టుకొని మా ఇంటామె మొదటి వారం బయట ఏదీ నోట్లో పెట్టలే. "ఆకలి లేదు" అంటది. ఇంటికి వచ్చినంక గిన్నె దగ్గర కూసుంటది. అల్లుడు ఇది కనిపెట్టి నాకు చెప్పిండు: "మామా, రూపాయల లెక్క కట్టకుండ్రి. ఇక్కడ 21 ఏండ్లు నిండినోనికి గంటకు 12 పౌండ్ల 21 పెన్నీలకు తక్కువ ఇయ్యొద్దని ఈ ఏప్రిల్ నుంచి చట్టం. మీరు మిల్లులో పని చేసినోళ్లు. గంట కూలితోని కొలిచి చూడుండ్రి."

ఆ మాట నాకు బాగా పట్టింది. మనం కూడా ఒకప్పుడు పాళీ కూలితోనే అన్నీ కొలిచినోళ్లం గదా. ఆ రోజు నుంచి నా కొలత ఇది: ఒక మనిషి కడుపునిండ తిండికి గంట కూలి కన్నా తక్కువ అయితే అది కష్టం చేసేటోళ్ల హోటలు. రెండు గంటలు, మూడు గంటల కూలి అయితే అది పండుగ పూటకు పోయేది. లండన్‌లో రెండు రకాలు పక్కపక్కనే ఉంటయి. పెద్ద చౌరస్తాల్లో, గడియారం స్తంభం కాడ, రాజుగారి కోట ముందట ఉన్నయన్నీ రెండో రకమే. అక్కడి నుంచి రెండు గల్లీలు లోపలికి నడిస్తే మొదటి రకం దొరుకుతది.

మొదటి రకంలో మొదటిది కెఫే. అక్కడి కూలినాలి జనం దాన్ని "కాఫ్" అంటరు. పొద్దుగాల తెరుస్తరు, మధ్యాహ్నం మూడు, నాలుగుకు మూసేస్తరు. రంగులేసేటోళ్లు, రోడ్డు పనోళ్లు, బస్సు డ్రైవర్లు వచ్చి తిని పోతరు. ధర గోడమీదనే రాసి ఉంటది, ఎవ్వరిని అడిగే పని లేదు. కోడిగుడ్డు, కాల్చిన బ్రెడ్డు, టమాట రసంలో ఉడికిన చిక్కుడు గింజలు, పుట్టగొడుగులు, ఆలుగడ్డ చిప్సు, పెద్ద కప్పు చాయ్. ఇదే అక్కడి నాస్తా. బేకన్, సాసేజ్ అని ఇచ్చేవి ఎక్కువగా పంది మాంసం. తిననోళ్లు "నో బేకన్, నో సాసేజ్" అని ముందే చెప్పాలె, లేకపోతే వెజిటేరియన్ బ్రేక్‌ఫాస్ట్ అని అడగాలె. ముసలోళ్లకు జాకెట్ పొటాటో మంచిది. పెద్ద ఆలుగడ్డను పొట్టుతోనే కాల్చి, నడిమికి చీరి, చీజ్ గాని చిక్కుడు గింజలు గాని పోసి ఇస్తరు. పండ్లు లేకున్నా తినొచ్చు.

ఇట్లాంటి కాఫులకు పెద్దన్న లాంటిది బెత్నల్ గ్రీన్ రోడ్డు మీద ఉన్న ఇ. పెల్లిచ్చి. 1900 నుంచి ఇటలీ నుంచి వచ్చిన ఒక్క కుటుంబమే నడుపుతున్నది. లోపల గోడలకు చెక్క నగిషీ ఉంటది. దాన్ని చూసి 2005లో సర్కారు ఆ కట్టడాన్ని కాపాడవలసిన వాటి పట్టీలో చేర్చింది. అంత పేరున్నా చిన్న జాగానే. ఖాళీ ఉన్న బల్ల కాడ ఎరుగనోళ్ల పక్కన కూసోబెడతరు. మన ఖానావళిలో కూసున్నట్టే ఉంటది. గిరణ్‌గావ్‌లో మిల్లు మనుషులకు భాకర్ కూర పెట్టిన ఖానావళ్లు యాదికొచ్చినయి నాకు. ముంబైలో ఆ ఖానావళి ఆడోళ్లే 1975లో అన్నపూర్ణ మహిళా మండల్ అని సంఘం కట్టుకున్నరు. తిండి పెట్టే పని ఏ దేశంలోనైనా కష్టం చేసేటోళ్లకు కష్టం చేసేటోళ్లే పెడుతున్నరు.

రెండోది చేపా చిప్సు దుకాణం. 1860ల నాటి నుంచి ఉన్న తిండి ఇది. మొదటి దుకాణం లండన్ తూర్పు పేటలో అని కొందరు, లాంకషైర్‌లోని మోస్లీ అనే మిల్లుల ఊరిలో అని కొందరు ఇప్పటికీ వాదులాడుకుంటరు. ఎవరిది నిజమైనా, దాన్ని నిలబెట్టింది మాత్రం నూలు మిల్లుల కార్మికులే. ఆలుమగలు ఇద్దరూ మిల్లుకు పోతే ఇంట్లో పొయ్యి ముట్టించేటోళ్లు ఎవరు? పాళీ విడిచినంక వేడి వేడి పొట్లం కొనుక్కొని ఇంటికి పోయేటోళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో చానా వాటికి రేషన్ పెట్టినా దీనికి పెట్టలే. ఈ సంగతి అల్లుడు చెప్పంగ విని నాకు ఆ చేప ముక్క మీద వేరే ప్రేమ కలిగింది. ఒక పొట్లం ఇద్దరికి సరిపోతది, అంత పెద్దగ ఇస్తరు. మీద ఉప్పు, సిర్కా చల్లుతరు. కొన్ని దుకాణాల్లో పశువు కొవ్వుతో వేయిస్తరు, కొన్నింట్లో నూనెతోని. పట్టింపు ఉన్నోళ్లు "వెజిటబుల్ ఆయిలా?" అని ఒక్క మాట అడగాలె. అడిగితే తప్పు పట్టరు. వానలేని రోజు పార్కులో బెంచీ మీద కూసొని తింటే పిల్లలు ఉరికినా ఎవ్వరూ ఏమనరు. పావురాలు మాత్రం వస్తయి.

మూడోది చెప్తే మన ఆడోళ్లు నవ్వుతరు. అది పబ్బు. మా బిడ్డ "పబ్బులో తిందాం" అనంగనే మా ఇంటామె అక్కడనే ఆగింది. "కల్లు దుకాణానికి మనుమల్ని తోలుకపోతవా?" అన్నది. కాని అక్కడి పబ్బు వేరు. తాగేటోళ్లు తాగుతరు, పక్క బల్ల కాడ అవ్వలు, పసిపిల్లలు అన్నం తింటరు. పిల్లలను పెద్దోళ్లతోని రానిస్తరు. చాలా పబ్బుల్లో రాత్రి ఎనిమిది, తొమ్మిది దాకానే. వెదర్‌స్పూన్ అని దేశమంతా ఉన్న పబ్బుల్లో ధరలు తక్కువ, పిల్లలకు వేరే పట్టీ ఉంటది. చాయ్ కప్పు ఒక్కసారి కొంటే మళ్లీ మళ్లీ నింపుకోవచ్చు. ఇది మా ఇంటామెకు అన్నిటికన్నా నచ్చింది, నాలుగుసార్లు నింపుకున్నది. పబ్బులో పద్ధతి ఏమంటే, ముందు బల్ల చూసుకొని దాని మీది నంబరు యాది పెట్టుకోవాలె. తర్వాత గల్లా కాడికి పోయి నంబరు చెప్పి, కావలసింది చెప్పి, పైసలు కట్టాలె. బల్ల కాడ కూసొని ఎదురుచూస్తే ఎవ్వరూ రారు.

నాలుగోది మ్యూజియంలు. బ్రిటిష్ మ్యూజియం, సైన్స్ మ్యూజియం, జంతువుల అస్థిపంజరాలుండే నేచురల్ హిస్టరీ మ్యూజియం, వీటన్నిట్లో ఊరికెనే పోవచ్చు, టికెట్టు లేదు. సైన్స్ మ్యూజియంలో, నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది కూసొని తినే జాగా ఉన్నది. మేం చపాతీలు, శేంగా చట్నీ కట్టుకపోయినం. వాటి పక్కనే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. ప్రపంచంలో మ్యూజియం లోపల పెట్టిన మొదటి హోటలు వాళ్లదే అని చెప్తరు. 1860లలో కట్టిన ఆ గదులు ఇప్పటికీ ఉన్నయి. అందులో ఒక గదిని చేసింది విలియం మోరిస్ అనే ఆయన సంస్థ. బట్టల మీద పూల డిజైన్లు గీసి పేరు తెచ్చుకున్నాయన. ఆ రోజుల్లో భోజనం పట్టీ కూడా తరగతుల వారీగా ఉండేదట. మొదటి తరగతి, రెండో తరగతి, మిస్త్రీలకు, కూలోళ్లకు మూడో రకం. ఇప్పుడు అందరికీ ఒక్కటే పట్టీ, అందరూ ఒక్కటే వరుసలో నిలబడాలె. ధర కాఫ్ కన్నా ఎక్కువ. ఒక్క చాయ్ తాగి ఆ గదిలో కూసుంటే చాలు.

ఇక మన తిండి. ఆరు వారాల్లో నోరు మన కారం అడుగుతది. తూర్పున ఈస్ట్ హామ్‌లో హై స్ట్రీట్ నార్త్ అనే తొవ్వ ఉన్నది. అరవోళ్లు, మలయాళోళ్లు, మనోళ్లు, అందరి దుకాణాలు వరుసగా ఉంటయి. దోసె, ఇడ్లీ, బిర్యానీ, కరివేపాకు, గోంగూర అన్నీ దొరుకుతయి. అక్కడ తెలుగులో మాట్లాడితే తిరిగి తెలుగులో జవాబొస్తది. ఊరి నడుమ యూస్టన్ రైలు స్టేషన్ పక్క డ్రమ్మండ్ స్ట్రీట్‌లో ఉత్తరాది, దక్షిణాది తిండి హోటళ్లు చాన ఏండ్ల నుంచి ఉన్నయి. అంబాలా మిఠాయి దుకాణం 1965లో మొదలైంది ఈ గల్లీలోనే. పక్కన కొత్త రైలు మార్గం పని ఏండ్ల తరబడి సాగుతుంటే ఆ దుకాణాల గిరాకీ పడిపోయింది. మీరు పోతే అక్కడ ఒక పూట తినుండ్రి, వాళ్లకు కూడా ఆసరా.

అక్కడికి దగ్గర్లోనే ఫిట్జ్‌రోయ్ స్క్వేర్‌లో ఇండియన్ వైఎంసీఏ ఉన్నది. 1920లో ఇండియా నుంచి చదువుకోను వచ్చిన పిల్లల కోసం పెట్టిన వసతి. కింద భోజనశాలలో బయటోళ్లు కూడా తినొచ్చు. పళ్లెం పట్టుకొని వరుసలో పోతే అన్నం, పప్పు, కూర పెడతరు. మెస్సు లెక్క ఉంటది, ధర కూడా మెస్సు లెక్కనే. మరీ పడమటికి పోతే సౌతాల్. అక్కడ గురు నానక్ రోడ్డు మీద సిక్కుల పెద్ద గురుద్వారా ఉన్నది. తలకు గుడ్డ కట్టుకొని, చెప్పులు విడిచి లోపలికి పోతే ఏ కులం, ఏ మతం అని అడగకుండ లంగర్‌లో రొట్టె, పప్పు పెడతరు. పైసలు లేవు. తిన్నంక జరసేపు పళ్లేలు కడగను చెయ్యి వేస్తే మనకు కూడా మంచిగ అనిపిస్తది.

బ్రిక్ లేన్ అనే గల్లీ సంగతి వేరే చెప్పాలె, ఎందుకంటే అది నేతగాళ్ల పేట. 1685 తర్వాత ఫ్రాన్స్‌లో తమ మతం మీద దెబ్బ పడితే పారిపోయి వచ్చిన పట్టు నేతగాళ్లు ఆ స్పిటల్‌ఫీల్డ్స్ పేటలో మగ్గాలు వేసుకున్నరు. ఇప్పటికీ ఫోర్నియర్ స్ట్రీట్ మీద ఆ పాత ఇండ్లు ఉన్నయి. తల పైకెత్తి చూస్తే అన్నిటికన్నా పై అంతస్తులో పొడుగాటి కిటికీలు కనబడతయి. మగ్గం మీద వెలుగు పడాలని. నేను ముప్పై ఏండ్లు సాంచెల కాడ నిలబడ్డోన్ని, ఎవ్వరూ చెప్పకముందే నాకు తెలిసింది. వాళ్లు 1743లో కట్టుకున్న గుడి తర్వాత ఇంకొక క్రైస్తవ శాఖోళ్ల గుడి అయింది. 1898లో యూదుల గుడి అయింది. 1976 నుంచి మసీదు. ఎవరు పొట్ట చేత పట్టుకొని వస్తే వాళ్లది. తిండి కూడా అంతే. యూదులు తెచ్చిన బేగెల్ అనే గుండ్రటి రొట్టె అమ్మే బేగెల్ బేక్ దుకాణం రాత్రి పగలు తెరిచే ఉంటది. దానికి పేరు ఉప్పు పట్టించిన గొడ్డు మాంసంతోని వచ్చింది. తిననోళ్లు మెత్తటి చీజ్ పెట్టింది అడగాలె. మిగతా హోటళ్లు ఎక్కువగా బంగ్లాదేశ్ సిల్హెట్ నుంచి వచ్చినోళ్లవి. మన పెద్దలు తెలంగాణ నుంచి సోలాపూర్ వచ్చి కడక్ భాకర్ తిననేర్చినట్టు, ఇంగ్లీషోళ్లు వాళ్ల కూర తిననేర్చిండ్రు.

హోటల్లో కూసున్నంక తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నయి. మందు అమ్మే ఏ హోటలైనా తాగే నీళ్లు అడిగితే పైసలు తీసుకోవద్దు, అది చట్టం. "ట్యాప్ వాటర్" అని అడగాలె, వట్టి "వాటర్" అంటే సీసా తెచ్చి పైసలు వేస్తరు. పట్టీలో వి అనే అక్షరం ఉంటే మాంసం లేనిది. తలుపు మీద ఆకుపచ్చ చీటీ మీద సున్నా నుంచి అయిదు దాకా అంకె ఉంటది. శుభ్రం చూసి సర్కారోళ్లు ఇచ్చిన మార్కు అది. అయిదుంటే మంచిది. కొన్ని దుకాణాల్లో అదే రొట్టె కట్టించుకపోతే ఒక ధర, అక్కడ కూసొని తింటే ఎక్కువ ధర. పన్ను తేడా అది. సూపర్ మార్కెట్లో మీల్ డీల్ అని రొట్టె, చిప్సు, తాగేది మూడు కలిపి నాలుగు పౌండ్ల చుట్టుపక్కల ఇస్తరు. పిల్లలకు పొడుగు కుర్చీ కావాలంటే "హై చైర్" అనాలె. బస్సు టికెట్టు అప్పుడు 1.75 పౌండ్లు. గంటలోపల ఎన్ని బస్సులు మారినా అదే టికెట్టు, పదకొండేండ్ల లోపు పిల్లలకు ఊరికెనే. అందుకని దగ్గర్లో ఖరీదు హోటల్లో తినే కన్నా బస్సెక్కి రెండు స్టాపులు పోవుడే లాభం.

బిల్లు కింద సర్వీస్ ఛార్జ్ అని చాలా చోట్ల పన్నెండున్నర పర్సెంటు కలుపుతరు. యాత్రికులు తిరిగే ఒక తొవ్వలో మాకు ఒక హోటల్లో అడగకుండనే కలిపిండ్రు, అన్నం కూడా చల్లగ ఇచ్చిండ్రు. అల్లుడు మర్యాదగ అడిగితే తీసేసిండ్రు. అది ఇష్టముంటేనే ఇచ్చేది. అయితే ఇంకొక మాట. 2024 అక్టోబరు నుంచి ఆ పైసలు యజమాని మింగొద్దు, మొత్తం పనోళ్లకే పంచాలని చట్టం వచ్చింది. కాబట్టి మంచిగ పెట్టిన చోట ఇయ్యుండ్రి. పళ్లెం తెచ్చిన పిల్ల కూడా ఎవరి బిడ్డనో.

ఇప్పుడు నా మనసులో మాట చెప్త. బిడ్డ ఇంట్లో తిండి మనకు గొంతు దిగదు, మన పెద్దలు అట్లనే నేర్పిండ్రు. మనం పోయినంక ప్రతి బిల్లు అల్లుడే కడుతుంటే ఇంకా బరువయితది. నేను ఫండ్ పైసల్లోంచి కొన్ని మార్పించి పౌండ్ల నోట్లు జేబులో పెట్టుకొని పోయిన. కాని లండన్‌లో చాలా హోటళ్లు నోట్లు తీసుకోవు, కార్డు గీకాలె. బస్సులో కూడా నోటు నడవదు. నాలుగు వారాలు నా నోట్లు నా జేబులోనే ఉన్నయి, నేను చెయ్యి పెట్టేలోపల అల్లుడు కార్డు పెట్టేటోడు.

అయిదో వారం ఒక ఆదివారం మా బిడ్డ వాళ్ల ఇంటి వెనక తొవ్వలో చిన్న కాఫ్‌కు పోయినం. నోట్లు తీసుకుంటమని గల్లా మీద రాసి ఉన్నది. నాలుగు పెద్ద పళ్లేలు, రెండు చిన్న పళ్లేలు, చాయ్. మనుమడు చిక్కుడు గింజలు అంగీకి పూసుకున్నడు, ఆ హోటలామె నవ్వి తడి గుడ్డ తెచ్చింది. మొత్తం నలభై రెండు పౌండ్లు. నేను లేచి నోట్లు లెక్కబెట్టి ఇచ్చిన. అల్లుడు లేవబోతే మా బిడ్డ ఆయన చెయ్యి పట్టి కూసోబెట్టింది. ఆ రోజు మా ఇంటామె పళ్లెంలో ఒక్క మెతుకు మిగల్చలే, "ఆకలి లేదు" అనలే.

అందుకే పిల్లలకు ఒక్క మాట. అమ్మనాయనలను పిలిపించుకుంటే పెద్ద పెద్ద హోటళ్లు చూపియ్యుండ్రి, వద్దనను. కాని ధర గోడమీద రాసి ఉన్న చోటికి, నోటు నడిచే చోటికి కూడా ఒక్కసారన్న తోలుకపోండ్రి. పోయే పెద్దలకు ఒక మాట. ఏ ఊరికి పోయినా ముందు ఆ ఊరి పనోళ్లు ఎక్కడ తింటున్నరో చూడుండ్రి. ఆ బల్ల కాడ మనకు కూడా జాగా ఉంటది.